పని ఆపే భాగం: పాత తుపాకీలోనూ పాత మగ్గంలోనూ

ఒక యంత్రంలోని భాగాలన్నీ ఒకే తీరుగా చెడిపోవు. చక్రం పళ్లు అరిగితే యంత్రం మొరాయిస్తుంది, బెల్టు తెగితే ఆగిపోతుంది, ప్రధానమైన స్ప్రింగు విరిగితే పని సగంలోనే నిలిచిపోతుంది. అందువల్ల అలాంటి లోపం ఆ పూటే బయటపడుతుంది, దానికి మరమ్మతు కూడా ఆ పూటే మొదలవుతుంది. భద్రత కోసం అమర్చిన భాగం సంగతి వేరు. అది ఊడిపోయినా తుపాకీ పేలుతుంది, అది విరిగినా మగ్గం నేస్తుంది, పైగా కొన్నిసార్లు మునుపటికంటే తక్కువ ఆటంకాలతో నేస్తుంది. అది లేదన్న సంగతి యజమానికి తెలిసేది ప్రమాదం జరిగిన క్షణంలోనే. యాభై, వందేళ్లు చేతులు మారిన యంత్రాలను విప్పి చూసినప్పుడు పని చేసే భాగాలు ఏదో ఒక రూపంలో మిగిలి ఉండి, పనిని ఆపవలసిన భాగాలే తరచుగా కనిపించకపోవడానికి కారణం ఇదే. వాటిని తిరిగి అమర్చడం ఎందుకు కష్టమో, ఆ కష్టంలో యంత్రశాస్త్రానికి సంబంధించిన ఏ సూత్రాలు దాగి ఉన్నాయో తెలుసుకోవడానికి రెండు యంత్రాలు బాగా పనికివస్తాయి. ఒకటి పాతకాలపు తుపాకీ, రెండోది సూరత్ నగరానికి దక్షిణాన ఉధనా, సచిన్ స్టేషన్ల మధ్య రైలు మార్గం పక్కన ఉన్న భేస్తాన్ వంటి ప్రాంతాల్లో తెలుగు నేత కార్మికులకు చిరకాల పరిచయమున్న నాడె మగ్గం.

తుపాకీ నుంచి మొదలుపెట్టడం మేలు, ఎందుకంటే అందులో సమస్య నగ్నంగా కనిపిస్తుంది. మందుకు నిప్పు తగిలించే యంత్రాంగాన్ని లాక్ అంటారు. 17వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఫ్రాన్స్‌లో రూపుదిద్దుకుని, ఆ తరువాత రెండు వందల ఏళ్లపాటు ప్రపంచ సైన్యాలు వాడిన చెకుముకి తుపాకీలో ఈ లాక్‌కు నాలుగు ముఖ్యమైన భాగాలున్నాయి. చెకుముకి రాయిని పట్టుకుని ముందుకు కొట్టే హ్యామర్ బయట కనిపిస్తుంది. దాని ఇరుసుకే లోపలి వైపున బిగించి, దానితో పాటు తిరిగే గుండ్రని ఉక్కు ముక్క టంబ్లర్. ఆ టంబ్లర్‌ను ఎప్పుడూ ముందుకు నెట్టాలని చూసే బలమైన మడత స్ప్రింగు మూడోది. టంబ్లర్ అంచున కోసిన గంటులో తన ముక్కు దూర్చి, ఆ స్ప్రింగు బలాన్ని ఆపి ఉంచే చిన్న మీట సియర్. వేలు నొక్కే ట్రిగ్గర్ చేసేదల్లా సియర్ తోకను పైకెత్తి, ముక్కును గంటులోంచి తప్పించడమే. అంటే ఎక్కుపెట్టిన తుపాకీలో నిలవ ఉన్న శక్తి అంతటికీ, అది విడుదల కావడానికీ మధ్య అడ్డుగా ఉన్నది రెండు ఉక్కు అంచులు మిల్లీమీటరులో కొంత భాగం మేర ఒకదానిమీద ఒకటి ఆనుకుని ఉండడం మాత్రమే.

టంబ్లర్‌కు ఒకటి కాదు, రెండు గంటులుంటాయి. హ్యామర్‌ను పూర్తిగా వెనక్కి లాగినప్పుడు సియర్ పడే గంటు లోతు తక్కువ, ఎందుకంటే వేలి ఒత్తిడితో అది విడిపోవాలి. సగం దూరం లాగినప్పుడు పడే గంటు లోతుగా, పైనుంచి ఒక పెదవి కమ్ముకున్నట్టుగా ఉంటుంది. సియర్ ముక్కు ఆ పెదవి కిందకు దూరిన తరువాత ట్రిగ్గర్‌ను ఎంత బలంగా నొక్కినా అది పక్కకు జరగలేదు. సిపాయి తుపాకీలో మందు పోసి, తూటా దట్టించి, యుద్ధానికి నడిచేటప్పుడు అతనికీ, అతని పక్కన నడిచేవాడికీ ఉన్న రక్షణ ఆ పెదవే. ఈస్టిండియా కంపెనీ 1613లో వ్యాపార కోఠి పెట్టుకున్న సూరత్ రేవుకు ఆ తరువాతి కాలంలో వచ్చి చేరిన చెకుముకి తుపాకులలో ఉన్నదీ, 1857 సిపాయిల తిరుగుబాటు నాటి ఎన్‌ఫీల్డ్ తుపాకీలో ఉన్నదీ ఇదే ఏర్పాటు. చెకుముకి స్థానంలో రాగి క్యాప్ వచ్చిందే తప్ప టంబ్లర్, సియర్ల బంధుత్వం మారలేదు.

ఇప్పుడు అలాంటి లాక్‌లో కొన్ని భాగాలు లేవనుకోవాలి. సియర్ స్ప్రింగు పోయి ఉండవచ్చు, సగం గంటు పెదవి విరిగి ఉండవచ్చు, సియర్ ముక్కు కొన చిట్లి ఉండవచ్చు. సున్నితమైన ట్రిగ్గర్ ఉన్న రైఫిళ్లలో టంబ్లర్ ముఖాన గోరంత కూడా లేని ఒక చిన్న పలుకు ఊగుతూ ఉంటుంది. హ్యామర్ ముందుకు దూకుతున్నప్పుడు సియర్ ముక్కు పొరపాటున సగం గంటులో పడకుండా దాన్ని దాటించడమే ఆ పలుకు పని. విప్పినప్పుడు నేలమీద పడి మాయమయ్యే భాగాల్లో ఇది మొదటిది. అది లేకపోయినా తుపాకీ చాలాసార్లు పేలుతుంది. కాని అప్పుడప్పుడు సియర్ ముక్కు పూర్తి వేగంతో వస్తున్న సగం గంటుకు తగులుతుంది, తగిలిన ప్రతిసారీ ఇటు ముక్కో అటు పెదవో కొంచెం చిట్లుతుంది. కొన్నేళ్లకు చూస్తే పోయింది ఒక్క పలుకు కాదు, దానితో పాటు అసలు భద్రత కూడా పోయింది. పోయిన భాగం ఒంటరిగా పోదన్నది పాత యంత్రాల మరమ్మతులో తొలి పాఠం.

రెండో చిక్కు మరింత మౌలికమైనది. ఒక తుపాకీలో పోయిన సియర్‌ను అదే నమూనా తుపాకీ మరొకదానిలోంచి తీసి పెడితే సరిపోతుందని ఈ కాలపు మనిషికి తోస్తుంది. 19వ శతాబ్దం ముందు తయారైన లాక్ విషయంలో అది సాధారణంగా కుదరదు. ప్రతి సియర్‌నూ ఒక్కొక్క టంబ్లర్‌కు ఎదురుగా పెట్టి, ఆకురాయితో రుద్ది, మళ్లీ పెట్టి చూసి, మళ్లీ రుద్ది జత చేసేవారు. 1785లో పారిస్‌లో ఒనొరే బ్లాంక్ అనే తుపాకీ నిపుణుడు యాభై లాక్‌ల భాగాలను విడదీసి, కలిపేసి, చేతికి వచ్చిన వాటిని తీసుకుని కూర్చి చూపించినప్పుడు అమెరికా రాయబారిగా అక్కడున్న థామస్ జెఫర్సన్ ఆశ్చర్యపోయి, స్వయంగా కొన్నింటిని కూర్చి చూసి, స్వదేశానికి ఉత్తరం రాశాడు. ఏ భాగాన్నైనా ఏ యంత్రంలోనైనా పెట్టగలగడం అనే ఆలోచన, తరువాతి పరిశ్రమలన్నిటికీ ఆధారమైన ఆలోచన, ఇలా తుపాకీ లాక్ దగ్గరే పరీక్షకు నిలిచింది. అది పెద్దయెత్తున సాధ్యపడడానికి మరో నలభై ఏళ్లు పట్టింది. కనుక అంతకు ముందరి లాక్‌కు దుకాణంలో దొరికే విడిభాగం అన్న మాటకే అర్థం లేదు. ఆ తుపాకీకి సరిపోయే సియర్ ఒక్కటే ఉండేది; అది పోయింది.

అయితే పోయిన భాగం తన ఆనవాళ్లను మిగతా భాగాల మీద వదిలి వెళుతుంది. టంబ్లర్ ముఖాన ఎక్కడ మెరుగు పడిందో, ఎక్కడ తుప్పు అలాగే ఉందో చూస్తే సియర్ ఎంత వెడల్పున ఆనిందో తెలుస్తుంది. లాక్ పలక మీద ఒక చాపంలా పడిన గీత స్ప్రింగు ఎంత మేర కదిలిందో చెబుతుంది. చెక్కలో లాక్ కూర్చునే గూడు గోడల మీది నల్లని నూనె మరక భాగం ఎంత ఎత్తున ఉండేదో చూపిస్తుంది. నిపుణుడైన మరమ్మతుదారు మొదట లోహాన్ని ముట్టుకోకుండా ఈ గుర్తులన్నిటినీ చదివి కొలతలు రాసుకుంటాడు. శుభ్రం చేయాలన్న తొందరలో ఇసుక కాగితంతో రుద్ది పాత గుర్తులను చెరిపేయడం కంటే పెద్ద నష్టం ఈ పనిలో మరొకటి లేదు, ఎందుకంటే ఆ తరువాత చేసే భాగం ఎంత అందంగా ఉన్నా ఊహ మాత్రమే అవుతుంది.

ఆకారం తెలిసినా అంతటితో పని తీరదు. సియర్ ముక్కు, గంటు ఒకదానినొకటి తాకే తలం ఏ కోణంలో ఉందన్నదే అసలు ప్రశ్న. టంబ్లర్ తన ఇరుసు చుట్టూ తిరుగుతుంది, సియర్ తన ఇరుసు చుట్టూ తిరుగుతుంది. తాకే తలం ఒకవైపు కాస్త వాలితే, ట్రిగ్గర్ నొక్కినప్పుడు సియర్ బయటకు రావడానికి హ్యామర్‌ను ముందుగా వెంట్రుకవాసి వెనక్కి నెట్టవలసి వస్తుంది. అంటే ప్రధాన స్ప్రింగే సియర్‌ను గంటులోకి లాక్కుని పట్టుకుంటుంది. అదే తలం మరోవైపు వాలితే అదే స్ప్రింగు సియర్‌ను బయటకు తోసేయాలని చూస్తుంది, అప్పుడు దాన్ని నిలిపి ఉంచేది ఘర్షణ ఒక్కటే. నూనె పట్టించిన ఉక్కు మీద ఉక్కు జారేటప్పుడు ఘర్షణ గుణకం సుమారు 0.15 ఉంటుందనుకుంటే, దానికి సరిపడే వాలు ఎనిమిదిన్నర డిగ్రీల దగ్గర ఉంటుంది. వాలు అంతకు మించితే సియర్ తనంత తానే జారిపోతుంది. ఎండి గట్టిపడిన పాత జిడ్డు ఉన్నంతకాలం నిలిచిన లాక్, శుభ్రం చేసి మంచి నూనె వేసిన మరునాడు జారిపోవడానికి వెనుక ఉన్న లెక్క ఇదే. ట్రిగ్గర్ తేలిగ్గా ఉండాలని ఎవరో ఎప్పుడో ఆ అంచును ఒక్కసారి రాయి మీద రుద్ది ఉంటే చాలు, రెండు మూడు డిగ్రీలు మారిపోతాయి.

ఆ తలం ఎంత గట్టిగా ఉందన్నది మరో సంగతి. పాత లాక్ భాగాల్లో చాలావాటిని మెత్తని ఇనుముతో చేసి, ఎముకల బొగ్గు, తోలు బొగ్గు నింపిన పెట్టెలో పెట్టి, 900 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో గంటల తరబడి కాల్చి, ఒక్కసారిగా నీటిలో ముంచేవారు. ఆ వేడిలో బొగ్గులోని కర్బనం ఇనుము పైపొరలోకి ఇంకి, ఆ పొరను మాత్రమే గట్టి ఉక్కుగా మారుస్తుంది. లోపలి ఇనుము మెత్తగా ఉండి దెబ్బకు విరగకుండా కాపాడుతుంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో పూర్వం మూసల్లో ఉక్కు కాచిన కమ్మరులు కర్బనాన్ని మొత్తం ముద్దలోకి ఇంకించారు, యూరప్ తుపాకీ పనివారు చర్మం మందాన ఆపేశారు. రెండు చోట్లా జరిగిన రసాయనం ఒకటే. ఆ గట్టి పొర మందం సాధారణంగా మిల్లీమీటరుకు లోబడే ఉంటుంది కాబట్టి, విరిగిన ముక్కును ఆకురాయితో మళ్లీ పదును పెడితే పొర తొలగి మెత్తని ఇనుము బయటపడుతుంది. అప్పుడది మొదటి రోజు చక్కగా పనిచేసి, కొన్ని పదుల దెబ్బలకు నలిగిపోతుంది. స్ప్రింగులది దీనికి తిరగబడిన కథ: ఉక్కును నీటిలోనో నూనెలోనో చల్లార్చి గాజులా పెళుసుగా చేసిన తరువాత, మళ్లీ 300 డిగ్రీల దగ్గర నీలం రంగు తేలేదాకా వేడిచేసి ఆ పెళుసుదనాన్ని తగ్గించాలి. అది తక్కువైతే స్ప్రింగు విరుగుతుంది, ఎక్కువైతే వంగి అలాగే ఉండిపోతుంది.

ఇంత శ్రమతో సరిచేసిన సగం గంటు నిజంగా ఎంత భద్రత ఇస్తుంది? దీనికి సమాధానం తుపాకీ చేతిలోంచి జారి పడినప్పుడు తెలుస్తుంది. మీటరు ఎత్తు నుంచి పడిన వస్తువు సిమెంటు నేలను తాకి ఒక మిల్లీమీటరు దూరంలో ఆగితే, అది ఆగే వేళ దాని మీద పనిచేసే సగటు త్వరణం గురుత్వాకర్షణకు వెయ్యి రెట్లు. చెక్క నేల ఐదు మిల్లీమీటర్లు లొంగితే రెండు వందల రెట్లు. వెయ్యి రెట్ల దగ్గర పది గ్రాముల ట్రిగ్గర్ ఆ రెప్పపాటు కాలంపాటు పది కిలోల బరువులా ప్రవర్తిస్తుంది. ట్రిగ్గర్‌ను వేలు నొక్కకుండా అడ్డుకునే సేఫ్టీ అలాంటప్పుడు అంతగా ఉపయోగపడదు, ఎందుకంటే జడత్వం వేలి కోసం ఎదురుచూడదు; అది సియర్‌నే ఎత్తగలదు, హ్యామర్‌నే తోయగలదు. హ్యామర్ బయటకు కనిపించని జంట గొట్టాల వేట తుపాకులలో పైనుండే జారుడు సేఫ్టీ చాలావరకు ట్రిగ్గర్‌ను మాత్రమే కట్టేస్తుంది. అందుకే మేలైన తయారీల్లో అదనంగా మరో సియర్ పెట్టి, మొదటిది కుదుపుకు జారినా రెండోది హ్యామర్‌ను మధ్యలో పట్టుకునేలా చేస్తారు. ఆ రెండో సియర్ తీసేసినా తుపాకీ మామూలుగానే పేలుతుంది కాబట్టి అది లేదన్న సంగతి వాడుకలో ఎవరికీ తెలియదు.

1873లో వచ్చిన కోల్ట్ రివాల్వర్ ఈ సమస్యకు పేరుమోసిన ఉదాహరణ. హ్యామర్ కొనకే ఉన్న ముల్లు గదిలోని తూటా వెనుక భాగం మీద వాలి ఉంటుంది, దాన్ని కాస్త ఎడంగా నిలిపే మొదటి గంటు చాలా సన్నని ముక్కు మీద ఆధారపడుతుంది. ఆ ముక్కును నమ్మలేక, తెలిసినవారు ఆరు గదుల్లో ఒకదాన్ని ఖాళీగా ఉంచి హ్యామర్‌ను దాని మీద వాల్చేవారు. అదే పద్ధతిని అనుసరించి 1953 నుంచి తయారైన రూగర్ రివాల్వర్లకు 1973లో కొత్త ఏర్పాటు వచ్చింది. అందులో హ్యామర్ పూర్తిగా వాలినా, దాని నుంచి వేరుగా ఉన్న ముల్లును తాకదు. ట్రిగ్గర్‌ను వేలితో వెనక్కి పట్టుకున్నప్పుడు మాత్రమే ఒక సన్నని పట్టీ పైకి లేచి, హ్యామర్‌కూ ముల్లుకూ నడుమ నిలిచి దెబ్బను అందజేస్తుంది. ఆ పట్టీ విరిగినా, పోయినా తుపాకీ పేలదు. భద్రతా శాస్త్రంలో ఇది నిజంగా గొప్ప మలుపు: అడ్డును అమర్చి ప్రమాదాన్ని ఆపడానికి బదులు, అనుమతి అందితే తప్ప పని జరగని విధంగా యంత్రాన్ని మలచడం. దానికి ముందు 1944లో అమెరికా నౌకాదళంలో ఒక స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్ ఓడ డెక్ మీద పడి పేలి, ఒక నావికుడు చనిపోయాడు. ఆ రివాల్వర్‌లోనూ హ్యామర్‌కు అడ్డు ఉంది, కాని అది స్ప్రింగు బలంతో మాత్రమే తన చోటికి వచ్చేది. ఆ ఘటన తరువాత ఆ అడ్డును ట్రిగ్గర్ యంత్రాంగంతోనే ముడిపెట్టి, ట్రిగ్గర్ తిరిగి ముందుకొచ్చిన ప్రతిసారీ తప్పనిసరిగా అడ్డం పడేలా మార్చారు.

మన దేశంలో ఎక్కువమంది పోలీసుల చేతుల్లో చూసిన .303 రైఫిల్, అంటే బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారం దశాబ్దాలపాటు తయారుచేసిన లీ ఎన్‌ఫీల్డ్, ఈ రెండు పద్ధతుల నడుమ నిలుస్తుంది. దాని సేఫ్టీ ఎడమవైపు వెనుక ఉండే చిన్న మీట. దాన్ని తిప్పితే రెండు పనులు ఒకేసారి జరుగుతాయి: ఒక కడ్డీ మీది అర్ధచంద్రాకారపు కోత తూటాను పేల్చే భాగాన్ని పట్టుకుంటుంది, మర మాదిరిగా కోసిన మెలిక వెంట పక్కకు జరిగిన కొక్కెం బోల్టును కదలకుండా బంధిస్తుంది. ఆ మరలో ఒకటికి మించిన దారులు ఉండడం వల్ల విప్పి మళ్లీ బిగించేటప్పుడు వేరే దారిలో పడితే మీట తిరుగుతుంది, చూపుకు అంతా సరిగ్గానే ఉంటుంది, కాని కొక్కెం చేరవలసిన చోటికి చేరదు. సరిగ్గా కుదిరిన సేఫ్టీని వేసినప్పుడు పేల్చే భాగం వెంట్రుకవాసి వెనక్కి జరిగి సియర్ మీది బరువును తనమీదకు తీసుకుంటుంది. అది వెనక్కి కాక ముందుకు జరిగితే, సేఫ్టీ తీసిన క్షణంలో సియర్ ఉండవలసిన చోట ఉంటుందన్న హామీ లేదు. ఒక్క వెంట్రుకవాసి కదలిక ఏ దిశలో ఉందన్న దానిమీద ఆ రైఫిల్ యోగ్యత తేలిపోతుంది.

ఈ పని ఎవరు చేయాలన్నది భారతదేశంలో చట్టం తేల్చిన విషయం. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకుల తయారీకీ అమ్మకానికీ ఉన్నట్టే మరమ్మతుకూ పరీక్షకూ లైసెన్సు తప్పనిసరి. చేతి నైపుణ్యం ఎంత ఉన్నా లైసెన్సు లేని కమ్మరి గానీ లేతు పనివాడు గానీ దాన్ని విప్పి బాగుచేయకూడదు. అదే చట్టం 45వ సెక్షన్ కాలం చెల్లిన నమూనావో, పురావస్తు విలువ గలవో, శిథిలమైనవో అయిన ఆయుధాలకు మినహాయింపు ఇస్తూ, అవి మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా వాడడానికి వీలులేనివై ఉండాలని షరతు పెట్టింది. అంటే భాగాలు పోవడం ఒక్కటే చాలదు, తిరిగి అమర్చినా పనిచేయని స్థితి ఉండాలి. మ్యూజియంల పద్ధతి ఇందుకు పొందికగా ఉంటుంది: పేలే శక్తిని తిరిగి ఇవ్వడం వారి లక్ష్యం కాదు. కట్టడాల పరిరక్షణ కోసం 1964లో రూపొందిన వెనిస్ చార్టర్, పోయిన భాగాల స్థానంలో పెట్టినవి మొత్తంతో కలిసిపోవాలి గాని అసలైన వాటి నుంచి వేరుగా గుర్తుపట్టగలిగేలా ఉండాలని చెప్పింది. ఆయుధాల పరిరక్షకులు కూడా కొత్త సియర్ లోపలి ముఖాన తేదీ చెక్కి పెట్టడం ఈ దృష్టితోనే. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఆయుధాల గదిలో నిలబడిన సందర్శకుడికి లాక్ లోపలి సంగతి కనిపించదు, కాని రాబోయే తరాల పరిశోధకుడికి ఆ చిన్న తేదీ ఎంతో విలువైన సాక్ష్యం.

లాక్‌లో చూసిన సూత్రాలన్నీ ఏ లైసెన్సూ అవసరం లేకుండా, పగలు రాత్రి పనిచేస్తూ కనిపించే చోటు నాడె మగ్గం. సూరత్‌లో తెలంగాణ నుంచి వలస వెళ్లి స్థిరపడిన నేత కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. సిరిసిల్లలో సాంచా అని పిలిచే ఆ మరమగ్గమే సూరత్ షెడ్లలోనూ వారికి బతుకుతెరువు అయింది. వాటర్‌జెట్, రేపియర్ మగ్గాలు వచ్చి నాడె మగ్గాలను పక్కకు నెడుతున్నా, చేతులు మారి వచ్చిన పాతవి ఇంకా ఆడుతూనే ఉన్నాయి. అలాంటి మగ్గం నిమిషానికి 150 సార్లు పేక వేస్తే ఒక్కో పేకకు దొరికే కాలం 0.4 సెకను. ఆ కాలంలో కొంత భాగంలోనే పేక పోగును మోసే నాడె, పైకీ కిందికీ విడిపోయిన పడుగు పోగుల సందులోంచి ఒక పెట్టె నుంచి రెండో పెట్టెకు దూసుకుపోవాలి. 400 గ్రాముల నాడె సెకనుకు 12 మీటర్ల వేగంతో వెళితే దాని చలనశక్తి 29 జౌళ్లకు కాస్త తక్కువ. మూడు కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడినప్పటి శక్తి అది. నాడె దారి మధ్యలో చిక్కుకుపోయిన వేళ అచ్చు, అంటే పేకను గుడ్డలోకి కొట్టే దువ్వెనలాంటి రీడ్, వచ్చి దాన్ని నొక్కితే వందల పోగులు ఒక్కసారిగా తెగుతాయి. నాడె ఎగిరి బయటకు వస్తే పక్క మగ్గం ముందు నిలబడిన మనిషి కంటికో తలకో తగులుతుంది.

ఎడ్మండ్ కార్ట్‌రైట్ 1785లో మరమగ్గానికి పేటెంటు పొందినప్పుడు ఈ ప్రమాదానికి నమ్మదగిన జవాబు లేదు. 1796లో రాబర్ట్ మిల్లర్ మగ్గంతో వచ్చిన ప్రొటెక్టర్ ఆ లోటు తీర్చింది. ఏర్పాటు తెలివైనది. అచ్చును మోసే బల్ల కింద పొడవునా ఒక కడ్డీ, దానికి రెండు చివర్ల డాగర్ అనే ఇనుప నాలుకలు. ఎదురుగా మగ్గం చట్రానికి ఫ్రాగ్ అనే ఆనపు దిమ్మెలు. నాడె వేళకు పెట్టెలోకి చేరితే పెట్టె గోడలోని వంపు పట్టీ బయటకు జరిగి, ఆ కడ్డీని తిప్పి, నాలుకలను పైకెత్తుతుంది. బల్ల ముందుకొచ్చినా నాలుకలు దిమ్మెల మీదుగా దాటిపోతాయి. నాడె చేరకపోతే నాలుకలు లేవవు, నేరుగా దిమ్మెలను ఢీకొంటాయి, మగ్గం పెద్ద శబ్దంతో ఆగి బెల్టు పక్కకు జరుగుతుంది. 1840ల తొలినాళ్లలో బ్లాక్‌బర్న్‌లో కెన్‌వర్తీ, బుల్లో తెచ్చిన వెఫ్ట్ ఫోర్కుదీ అదే తర్కం: పేక పోగు ఉంటే అది ముల్లుకొయ్యను వంచి పక్కన పెడుతుంది, లేకుంటే కొయ్య కొక్కెం మగ్గంలో కదులుతున్న హ్యామర్ అనే మీటకు తగులుకుని మగ్గాన్ని ఆపుతుంది. పడుగు పోగు తెగితే కింద పడే సన్నని రేకులదీ అదే దారి. మూడింటిలోనూ యంత్రం ముందుగా ఆగిపోవడానికే సిద్ధంగా ఉంటుంది, అంతా సవ్యంగా ఉందన్న రుజువు ప్రతి పేకకూ అందితేనే నడుస్తుంది. రూగర్ రివాల్వర్ 1973లో చేరుకున్న చోటికి మగ్గం ఒకటిన్నర శతాబ్దానికి పైగా ముందే చేరుకుంది.

అయితే ఇంత మంచి ఏర్పాటుకు ఒక బలహీనత ఉంది, అది మనుషుల వైపు నుంచి వస్తుంది. ఆగిపోవడానికే మొగ్గే యంత్రంలో ఆ రుజువును అందించే ఏ చిన్న భాగం అరిగినా, పోయినా మగ్గం మాటిమాటికీ కారణం లేకుండా ఆగుతుంది. వంపు పట్టీ వెనుక స్ప్రింగు మెత్తబడితే నాడె చేరినా నాలుక పూర్తిగా లేవదు. గజాల లెక్కన కూలి తీసుకునే కార్మికుడికి ప్రతి ఆగుడూ నష్టమే, ఆసామికీ నష్టమే. స్ప్రింగు వెంటనే దొరకదు, పాత నమూనాకు సరిపోయేది అసలే దొరకకపోవచ్చు. అప్పుడు నాలుకను తీగతో పైకి కట్టేయడం, రేకుల పట్టీని విడదీసి పక్కన పడేయడం, నాడె ఎగరకుండా బల్ల పైన ఉండే అడ్డు కడ్డీని తీసేయడం జరిగిపోతాయి. మగ్గం చక్కగా ఆడుతుంది. దీన్ని కార్మికుడి అజాగ్రత్తగా చూడడం అన్యాయం. విడిభాగం సరఫరా చేయని వ్యవస్థా, ఆగిన నిమిషానికి కూలి ఇవ్వని లెక్కా కలిసి ఆ తీగను కట్టిస్తాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ యంత్రాల ప్రమాదకర భాగాలకు కంచె ఉండాలని ఆదేశించింది, కాని విరిగిన వంపు పట్టీకి స్ప్రింగు ఎక్కడ దొరుకుతుందో ఏ సెక్షనూ చెప్పలేదు.

కనుక మగ్గంలో మరమ్మతు తీగను విప్పడంతో మొదలవ్వాలి గాని దానితో ముగియదు. కట్టి ఉంచిన కాలమంతా ఎవరూ పట్టించుకోని భాగాలు ఎలా అరిగాయో ముందు చూడాలి. నాలుక కొన గుండ్రబడి ఉంటే అది దిమ్మెను పట్టకుండా జారి పైకెక్కుతుంది. సియర్ ముక్కు విషయంలో చెప్పిన వాలు, ఘర్షణల లెక్క ఇక్కడా అక్షరాలా వర్తిస్తుంది. నాలుకను గట్టి ఉక్కుతో అతికించి పదును తేవచ్చు, కాని వెల్డింగు వేడికి పక్క లోహం మెత్తబడితే నాలుగు ఢీలకు మళ్లీ నలుగుతుంది. రెండు వైపులా నాలుకలు ఒకే క్షణంలో తాకేలా సరిచేయడం అన్నిటికంటే ముఖ్యం. ఒకటి ముందుగా తాకితే బల్ల మొత్తం ఆ ఒక్క చివర మీద మెలి తిరుగుతుంది, క్రాంకు వంగుతుంది, చట్రపు దిమ్మె పగులుతుంది. పోతఇనుము వంగదు, పగులుతుందన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. అందుకే మంచి మగ్గాల్లో దిమ్మె వెనుక బలమైన స్ప్రింగు పెట్టి, ఆగే దూరాన్ని కొన్ని మిల్లీమీటర్లు పెంచి, తాకిడిని అన్ని రెట్లు తగ్గిస్తారు. ఆ స్ప్రింగు పోయిన చోట చెక్క ముక్క పెట్టడం తరచుగా కనిపించే చిట్కా. పడిపోయిన తుపాకీకి చెక్క నేల చేసిన మేలునే అది కొన్నాళ్లు చేస్తుంది, నలిగి పల్చబడ్డాక చేయదు.

ఆ తరువాత పరీక్ష. మోటారు ఆపి, బెల్టు తప్పించి, నాడెను పడుగు సందు మధ్యలో వదిలి, చక్రాన్ని చేతితో నెమ్మదిగా తిప్పుతూ నాలుకలు రెండూ దిమ్మెలకు నిండుగా ఆనడం కంటితో చూడాలి. అచ్చు అప్పటికి నాడెను తాకి ఉండకూడదు. నాడెను కుడి పెట్టెలో ఉంచి ఒకసారి, ఎడమ పెట్టెలో ఉంచి ఒకసారి తిప్పి, రెండు సార్లూ నాలుకలు దిమ్మెలను తాకకుండా దాటడం చూడాలి. ఇవి కుదిరాకే కరెంటు, అదీ పక్క మగ్గాల ముందు మనుషులు లేనప్పుడు. మగ్గం ఆపి కండె మీది పేకను కత్తిరించి, మళ్లీ నడిపినప్పుడు ఫోర్కు పట్టుకుంటుందో లేదో, ఒక పడుగు పోగు తెంచి రేకు పడుతుందో లేదో చూడడం చివరిది. ఏ లోపం కోసం ఆ భాగం ఉందో ఆ లోపాన్ని కావాలని పుట్టించి చూడకుండా, గుడ్డ బాగా వస్తోందన్న ఆధారంతో మగ్గాన్ని కార్మికుడికి అప్పగించకూడదు, ఎందుకంటే నాలుక తీగతో కట్టి ఉన్నప్పుడు కూడా గుడ్డ బాగానే వచ్చింది.